కడపలో పుస్తకాల పండుగకు జనం వస్తారా? వస్తారు, శాలువాలు తగ్గిస్తే

"కడపలో మూడు రోజుల పుస్తకాల పండుగ పెట్టాలనుకుంటున్నాం. కథా పఠనాలు, కార్యశాలలు, కవిత్వం, సంగీతం అన్నీ ఉంటాయి. జనం వస్తారా, పుస్తకాలు అమ్ముడవుతాయా?" అని అడిగారు. వస్తారు. అమ్ముడవుతాయి. కాకపోతే వేదికను అదుపులో పెట్టుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా దగ్గర ఇలాంటి పండుగకే పనిచేసిన కార్యకర్తల్లో నేనూ ఒకణ్ణి. పందిళ్లు వేయించడం నుంచి అతిథులకు మంచినీళ్లు అందించడం దాకా అన్నీ చూశాను. మన ఊళ్లో పాఠకులకు కరువు లేదు. శాలువాలకు అసలే లేదు. గొడవంతా అక్కడే వస్తుంది.

మొదటి రోజు సాయంత్రం ఆరింటికి ప్రారంభ సభ, ఏడింటికి చెక్కభజన (చేతుల్లో చెక్కలు మోగిస్తూ గుండ్రంగా తిరిగి ఆడే ఆట) అని కరపత్రంలో వేశాం. పల్లె నుంచి భజన బృందం అయిదింటికే వచ్చేసింది. కాళ్లకు గజ్జెలు కట్టుకుని, నడుములకు రంగు గుడ్డలు బిగించి వేదిక వెనక టార్పాలిన్ మీద కూర్చున్నారు. ఏడయింది. మొదటి వక్త, తెలుగు నిఘంటువు కూర్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన వైనం చెబుతున్నారు. రెండో వక్త బ్రౌన్‌ను మళ్లీ 1820లోనే కడపలో దింపి, సొంత డబ్బుతో పండితులను పెట్టుకున్న సంగతీ, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించిన సంగతీ వివరించారు. మూడో వక్త "ఆ మహానుభావుడు..." అని ఊపిరి తీసుకునేలోపే ముందు వరుసలోని పిల్లవాడొకడు "1820" అని అందించాడు. బ్రౌన్ మీద నాకూ గౌరవమే. ఆయన బంగళా ఉన్న చోటే ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది, తెలియనివాళ్లు వెళ్లి చూడవచ్చు. ప్రతి సభలోనూ ఆయన్ను కొత్తగా ఓడ దింపనక్కరలేదు.

తర్వాత సన్మానాలు. ముఖ్య అతిథికి, విశిష్ట అతిథికి, ఆత్మీయ అతిథికి (ఈ ముగ్గురూ వేర్వేరు మనుషులట), విరాళం ఇచ్చినవారికి, ఇస్తామన్నవారికి. ఫొటోలో ఎవరైనా కళ్లు మూసుకుంటే కప్పిన శాలువా తీసి మళ్లీ కప్పడం. భజన గురువు నా దగ్గరికి వచ్చి, "సార్, మా ఊరికి ఆఖరి బస్సు తొమ్మిదింటికి. పొద్దున్నే పొలంలో పనులున్నాయి. ఆడమంటారా, పొమ్మంటారా?" అని అడిగాడు. వేదిక మీదికి చీటీ పంపితే "ఇంకో ఇద్దరే" అని జవాబు వచ్చింది. ఎనిమిది దాటాక ఆయన ఇక ఎవరినీ అడగలేదు. బృందాన్ని లేపి, పుస్తకాల దుకాణాల మధ్య ఖాళీలోకి తీసుకెళ్లి చెక్కలు మోగించాడు.

సభ సభంతా వెనక్కి తిరిగింది. భజన వాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఒక కోపు (అడుగుల వరస) నుంచి ఇంకో కోపులోకి మారుతుంటే దుమ్ము లేచి పుస్తకాల మీద పడుతోంది. దుకాణంలోని కుర్రాడు చేతిలో గుడ్డతో అట్టలు తుడుస్తున్నాడే గాని చూపంతా ఆట మీదే. వలయం చుట్టూ జనం ఎంతగా మూగారంటే వెనకవాళ్ల వీపులు దుకాణాల బల్లలకు ఆనాయి. ఆట ఆగి వెనక్కి తిరిగితే ఎదురుగా పుస్తకాలే. ఆ రాత్రి అమ్మకాల్లో ఎక్కువ భాగం ఆ కాసేపట్లోనే జరిగాయి. బృందానికి బస్సు దొరికింది. ముఖ్య అతిథికి మాత్రం నా మీద అలక ఇంకా తీరలేదు.

అందుకే చెబుతున్నాను, సంగీతాన్ని వేదిక ఎక్కించకండి, దుకాణాల మధ్యే పెట్టండి. ఈ ప్రాంతంలో సాహిత్యం చెవుల దారినే వచ్చింది. తాళ్లపాక అన్నమయ్య పాడినవి పదాలు. వేమన పద్యం అచ్చుకు ముందు ఎన్ని తరాలు నోళ్లలో బతికిందో! పుట్టపర్తి నారాయణాచార్యుల 'శివతాండవం' కావ్యాన్ని గొంతెత్తి చదివేవాళ్లు ఒక్కరు దొరికినా చాలు, అటుగా వెళ్లేవాళ్లు కూడా ఆగుతారు. కథకులను పిలిస్తే సాహిత్య ప్రయోజనం మీద ప్రసంగించమనకండి, పావుగంట కథ చదవమనండి.

కవి సమ్మేళనం గురించి అడగకపోయినా చెబుతాను. శ్రోతలంతా తమ వంతు కోసం కూర్చున్న కవులే. చదివినవారు చదివినట్టే జారుకుంటే చివరి కవికి మిగిలేది మైకు అతను. కవికి ఒక్క కవితే అని ముందే చెప్పండి, అలిగేవాళ్లను అలగనివ్వండి.

పిల్లల కార్యశాలలో "కథ ఎలా రాయాలి" అనే పాఠం వద్దు. మీ వీధిలోని ఒక దుకాణం గురించి రాయమంటే చాలు. మా దగ్గర ఒక అబ్బాయి పంచరు దుకాణం గురించి రాస్తూ, తొట్టిలో ముంచిన ట్యూబు నుంచి బుడగలు వచ్చేచోట తాత బొటనవేలు ఎలా ఆగుతుందో రాశాడు. ఆ మూడు రోజుల్లో నేను విన్న వచనంలో అదే మేలైనది.

పోటీ పరీక్షల పుస్తకాలను రానివ్వకూడదని కొందరు పట్టుబడతారు. వినకండి. గ్రూప్-2 పుస్తకం కోసం వచ్చినవాడు పక్క బల్ల మీద కథల సంపుటి కూడా తిరగేస్తాడు. ఆ బల్లను అందుబాటులో ఉంచడం మీ పని.

తేదీల మాటకొస్తే, జనవరి మొదట్లో ప్రచురణకర్తలంతా విజయవాడ పుస్తక మహోత్సవంలో ఉంటారు. మార్చి వస్తే పరీక్షలు, ఆ పైన మన ఎండలు. జనవరి చివరికీ ఫిబ్రవరి మొదటికీ మధ్య చూసుకోండి. ముందు ప్రచురణకర్తలకు ఫోను చేసి ఎవరు వస్తారో తేల్చుకోండి, ఆహ్వాన పత్రాలు ఆ తర్వాతే అచ్చు వేయించండి.