నాన్న ఆడితే తప్పులేదు, నేనాడితే తప్పా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది ఖమ్మం. మావారు చిట్‌ఫండ్ కంపెనీలో కలెక్షన్ చూస్తారు, పొద్దున వెళ్తే రాత్రి ఎనిమిది దాటాకే ఇంటికి రావడం. వచ్చి స్నానం చేశాక ఇక బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే తుపాకుల గేమ్) మొదలు, కంచంలో అన్నం చల్లారిపోతున్నా రెండు చేతులూ ఫోన్ మీదే, పిలిస్తే "ఒక్క మ్యాచ్ అవ్వనీ" అంటారు, ఆ ఒక్కటి మూడు నాలుగు అవుతాయి. మా బాబు పదో తరగతి. ఆయన పడుకున్నాక అదే ఫోన్ తీసుకుని, ఆయన అకౌంట్‌లోనే రాత్రి ఒంటిగంట రెండింటి దాకా ఆడుతున్నాడు. ప్రీఫైనల్స్‌లో మార్కులు బాగా తగ్గాయి. మొన్న మధ్యలో ఫోన్ లాక్కుంటే రిమోట్ విసిరికొట్టి "నాన్నని ఏమీ అనవు, నన్నే అంటావు" అని అరిచాడు. మావారేమో "రోజంతా ఊరంతా తిరిగి వస్తా, నాకూ వాడికీ పోలికేంటి" అంటారు. నేను సాయంత్రం ఫోన్‌లో సీరియల్స్ చూస్తాను గానీ గేమ్స్ జోలికి పోను. పిల్లాడు ఇలా అవడానికి ఆయనే కారణమా? ఆయనకి ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ బాబు అరిచిన ఆ మాట కోపంలో వచ్చినా దాన్ని కొట్టిపారేయకండి, మీ ఉత్తరం మొత్తంలో అసలు విషయం అదే.

ఆయనే కారణమా అని అడిగారు. పూర్తిగా ఆయనే అని నేను అనను. అమ్మానాన్నలు ఎక్కువగా ఆడే ఇళ్లలో పిల్లలు కూడా ఎక్కువ ఆడటం సర్వేల్లో కనిపించే మాటే, కానీ ఇలాంటి సర్వేలు చాలావరకు ఒకేసారి ప్రశ్నలడిగి లెక్కేసినవి కాబట్టి తండ్రిని చూసే కొడుకు పాడయ్యాడని వాటిని పట్టుకుని తేల్చలేం, ఇద్దరికీ ఒకే స్వభావం ఉండొచ్చు, ఇంట్లో అందరికీ ఒకే టెన్షన్ ఉండొచ్చు. అయితే పెద్దవాళ్లు చేసేది చూసి పిల్లలు నేర్చుకుంటారన్నదాంట్లో అనుమానమేం లేదు. 1961లో బందూరా అనే సైకాలజిస్టు స్టాన్‌ఫోర్డ్‌లో చేసిన ప్రయోగంలో పెద్దాయన ఒకరు బొమ్మని కొట్టడం చూసిన పిల్లలు తర్వాత అదే పద్ధతిలో, అవే మాటలంటూ ఆ బొమ్మని కొట్టారు, ఎవరూ వాళ్లకి కొట్టమని చెప్పలేదు.

మీ బాబు నాన్న దగ్గర నేర్చుకున్నది గన్ను ఎలా పేల్చాలన్నది కాదమ్మా, అది వాడి ఫ్రెండ్స్ దగ్గర కూడా వచ్చేది. అలసిపోతే, మనసు బాగోకపోతే, ఎవరితో మాట్లాడాలని లేకపోతే ఫోన్ తీసి అందులోకి వెళ్లిపోవాలి అన్నది నేర్చుకున్నాడు. మీవారికి టార్గెట్ల ఒత్తిడి, డబ్బు కట్టని వాళ్లతో రోజంతా మాటలు పడటం, వాటన్నిటికీ ఆయన దగ్గరున్న ఒకే మందు ఆ ఆట. వాడికి పదో తరగతి భయం, వాడూ అదే మందు వేసుకుంటున్నాడు. ఎంతసేపు ఆడుతున్నారన్న దానికంటే నాకు ఇది ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది, ఎందుకంటే సరదాకి ఆడేవాడు వేరే సరదా దొరికితే లేచి వెళ్తాడు, బాధ మర్చిపోవడానికి ఆడేవాడు అంత తేలిగ్గా లేవలేడు.

"నాకూ వాడికీ పోలికేంటి" అన్న మాటలో నిజం ఉంది, కానీ ఆయన అనుకున్న వైపు కాదు. ఇక చాలు అని ఆపుకునే మెదడు భాగం ఇరవై దాటి ఇరవై అయిదు దగ్గరపడే దాకా పూర్తిగా ఎదగదు. రోజూ లాగిన్ అయితే రివార్డు, గడువు దాటితే పోయే మిషన్లు, డబ్బు పెట్టి కొనే రాయల్ పాస్, ఇవన్నీ మనిషిని మళ్లీ మళ్లీ రప్పించడానికి పెట్టినవే, నలభై ఏళ్లాయనే అన్నం మానేసి కూర్చుంటుంటే పదిహేనేళ్ల వాడు ఎలా ఆగుతాడు చెప్పండి.

ఇంకో సంగతి మీరు మామూలుగా రాసేశారు గానీ అది పెద్దదే. బీజీఎంఐ 2023 మేలో మళ్లీ వచ్చినప్పుడు పద్దెనిమిది లోపు వాళ్లకి రోజుకి 3 గంటలు, మిగతావాళ్లకి 6 గంటలు అని లిమిట్ పెట్టారు. మీవాడు నాన్న అకౌంట్‌లో ఆడుతున్నాడు కాబట్టి ఆట లెక్కలో వాడు పెద్దవాడే, ఆ అడ్డు కూడా వాడికి లేదు. ముందు ఫోన్ లాకూ గూగుల్ పాస్‌వర్డూ యూపీఐ పిన్నూ మార్పించండి, ఈ పని మీవారే చేయాలి, చేసిన సంగతి బాబుకి మొహమ్మీదే చెప్పాలి, దొంగచాటుగా మార్చి వాడు రాత్రి ఫోన్ పట్టుకుని తెల్లమొహం వేసేలా చేయొద్దు.

ఇక ఆయనకి చెప్పడం. మ్యాచ్ మధ్యలో వద్దు, బాబు ముందు అసలే వద్దు. ఆదివారం పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు ఇద్దరే కూర్చోండి. "మీవల్లే వాడు చెడిపోయాడు" అని మొదలుపెడితే ఆయన వాదనకి దిగుతారు, మాట అక్కడితో ఆగిపోతుంది. వాడు ఒంటిగంట దాకా మేలుకుంటున్నాడు, మీ అకౌంట్‌లో ఆడుతున్నాడు, నా మాట వినట్లేదు, మీ మాటైతే వింటాడు, ఇలా జరుగుతున్నది చెప్పండి. ఆట మానేయమని అడగక్కర్లేదు. అన్నం తినేటప్పుడు ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు, పదిన్నరకి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కి వెళ్లిపోవాలి, ఈ రెండూ అడగండి. ఫోన్లన్నీ అన్నానంటే మీదీ కలిపే అమ్మా. గేమ్ కాదు సీరియలే కదా అని మీరు అనుకుంటారు గానీ పక్క గదిలోంచి చూసే పిల్లాడికి కనిపించేది అమ్మ చేతిలో ఫోన్, అంతే.

అలాగే పది నిమిషాల్లో ఆపెయ్ అనే రూల్ ఈ ఆటలో కుదరదు. ఆటలోని ఎరాంగెల్ అనే మ్యాప్‌లో ఒక మ్యాచ్ చివరిదాకా వెళ్తే సుమారు అరగంట, మధ్యలో పాజ్ ఉండదు, నలుగురు కలిసి ఆడే స్క్వాడ్‌లో ఉన్నప్పుడు లేచిపోతే మిగతా ముగ్గురూ తిడతారు, స్కూల్లో మర్నాడు కూడా తిడతారు. మీరు ఫోన్ లాక్కున్నప్పుడు వాడికి పోయింది ఆట ఒక్కటే కాదు, ఫ్రెండ్స్ ముందు పరువు కూడా. రిమోట్ విసరడం తప్పే, అది వాడికి చెప్పాల్సిందే, కానీ నిమిషాలు కాకుండా మ్యాచ్‌లు లెక్కపెట్టండి, పరీక్షలయ్యే దాకా రోజుకి ఒకటి, చదువు అయ్యాక, హాల్లో కూర్చుని. ఈ లెక్క మీవారికి మీకంటే బాగా తెలుసు, అందుకే వాడితో కూర్చుని మాట్లాడాల్సింది ఆయనే. ఆట తెలిసిన తండ్రి చెబితే "నీకేం తెలుసు" అనే మాట వాడి నోట రాదు, ఇది మీ ఇంటికున్న అదృష్టమనే నేను అనుకుంటున్నాను.

ఇది జబ్బా అని మీరు అడగలేదు గానీ చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని 2019లో జబ్బుల లిస్టులో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఎక్కువసేపు ఆడితే జబ్బు అని కాదు అందులో ఉన్నది. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోయి ఆటే ముందుకి రావడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా వదల్లేకపోవడం, ఈ మూడూ సాధారణంగా ఏడాది పాటు ఉండాలి. మీ బాబుకి ఆ ముద్ర వేసే తొందర వద్దు. కానీ రూల్స్ పెట్టి నెల గడిచినా నిద్ర మారకపోతే, స్నేహితుల్ని కలవడం మానేస్తే, ఇంట్లో డబ్బు తీస్తే, చచ్చిపోతానని ఒక్కసారి అన్నా సరే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటి సమస్యలకే షట్ క్లినిక్ అని విడిగా ఉంది, కానీ అంతదూరం పోయే ముందు మీ జిల్లా పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి, వెళ్లేటప్పుడు ముగ్గురూ వెళ్లండి, వాడొక్కడినే తీసుకెళ్లి రోగిలా కూర్చోబెట్టొద్దు.

ప్రశ్న: నేనూ మా అమ్మాయీ ఆదివారాలు కలిసి మైన్‌క్రాఫ్ట్ (బ్లాకులతో ఇళ్లూ అవీ కట్టే గేమ్) ఆడతాం, దానికి పదమూడేళ్లు. మా ఆవిడ "నువ్వే అలవాటు చేస్తున్నావు" అంటోంది. నిజంగా తప్పా సార్? - ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పు కాదండీ, మీరు చెప్పినట్టే ఉంటే మానేయమని నేను అనను. పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి ఇల్లు కట్టుకుంటూ కబుర్లు చెప్పుకోవడం వేరు, తండ్రి ఒక గదిలో కూతురు ఒక గదిలో ఎవరి ఫోన్ వాళ్లది పట్టుకుని ఉండటం వేరు. తల్లిదండ్రులతో మాటా మంచీ ఉన్న పిల్లల్లో ఆట శ్రుతి మించడం తక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది కూడా. ఒక్కటి చూసుకోండి, ఆట ఆపే టైమ్ వచ్చినప్పుడు "ఇంకొంచెంసేపు" అంటున్నది ఎవరు? అమ్మాయైతే ఆ వయసులో మామూలే. మీరే అయితే మీ ఆవిడ మాట ఒకసారి వినండి. వారంలో మిగతా రోజులు అమ్మాయితో ఆట లేకుండా కాసేపు గడుపుతున్నారా, బీచ్‌కో మార్కెట్‌కో కలిసి వెళ్తున్నారా, అదీ చూసుకోండి. ఆన్‌లైన్ సర్వర్‌లో ఆడుతుంటే మాత్రం చాట్ సెట్టింగ్స్ మీరే తెరిచి తెలియనివాళ్లు మెసేజ్ పెట్టకుండా ఆపేయండి, పాప పక్కనుండగానే చేయండి, ఎందుకో దానికీ తెలుస్తుంది.