ఎరువు కుండలో దుర్వాసన ఎందుకు?

ప్రశ్న: అపార్ట్‌మెంటు బాల్కనీలో చిల్లులున్న కుండలో కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం వేసి ఎరువు చేస్తున్నాను. దుర్వాసన వస్తోంది, పురుగులు పడుతున్నాయి. మానుకోవాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దయచేసి మానుకోకండి. తడి ఎక్కువై గాలి ఆడనప్పుడు, ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు పెరిగి ఆ వాసన పుట్టిస్తాయి. తొక్కలు వేసిన ప్రతిసారీ వాటికి రెండింతల పరిమాణంలో ఎండుటాకులో, కొబ్బరి పొట్టో కప్పి, వారానికి రెండుసార్లు అడుగు నుంచి కలియబెడితే ఎండు పదార్థంలో ఎక్కువగా ఉండే కర్బనం, తొక్కల్లో ఎక్కువగా ఉండే నత్రజని పాళ్లు ఎరువుకు సూచించిన 30:1కి చేరువై వాసన తగ్గుతుంది. పిడికెడు తీసి పిండితే నీరు కారకుండా చెయ్యి మాత్రం తడవాలి. ఆ పురుగులు ఈగల పిల్లలే, ఎరువుకు హాని చేయవు. అన్నాన్ని మాత్రం కుండ దాకా రానీయకండి. ఒక పంటకాలమంతా పారించిన నీరు, రైతు శ్రమ అందులో ఉన్నాయి. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పులిహోర కలుపుకోండి.