బిడ్డ జబ్బుకు తల్లి అవిధేయత కారణమా?

ప్రశ్న: మా ఏడేళ్ల బాబుకు మూర్ఛ వస్తోంది. నీలోఫర్ ఆసుపత్రిలో చూపించి మాత్రలు వాడుతున్నాం. నేను బట్టల దుకాణంలో పనిచేస్తాను, ఆదివారం సెలవు ఇవ్వరు. ప్రార్థన కూడికలో ఒక పెద్దాయన ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం చదివి, “విశ్రాంతి దినాన్ని మీరావు, ఆ శాపం బిడ్డకు తగిలింది. మాత్రలు మాని ఉపవాసం ఉండు” అన్నారు. నిజమేనా?
– ఒక తల్లి, మెట్టుగూడ, హైదరాబాద్

జవాబు: కాదమ్మా. ముందుగా, మాత్రలు ఒక్క పూట కూడా ఆపవద్దు. మూర్ఛ మందు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ మరింత తీవ్రంగా రావచ్చు. జబ్బుపడిన హిజ్కియా రాజుకు “దేవుడు నీ ప్రార్థన విన్నాడు” అని చెప్పిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు.

ఇక ఆ అధ్యాయం. 68 వచనాల్లో దీవెనలు 14తో ముగుస్తాయి, మిగిలిన 54 శాపాలే. చదివితే ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ అవి కనాను దేశపు పొలిమేరలో నిలిచిన ఇశ్రాయేలు జాతి మొత్తానికి చెప్పిన మాటలు. మీ ఇంట్లో జబ్బుకు కారణం వెతకడానికి రాసినవి కావు.

విశ్రాంతి దినం సంగతే చూద్దాం. హెబ్రీ లేఖనాల్లో అది ఏడవ రోజు, అంటే శనివారం. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో ఆజ్ఞ ఇంటి యజమానితో మాట్లాడుతుంది: నీతోపాటు నీ దాసుడూ దాసీ కూడా విశ్రమించాలి. మరి సెలవు ఇవ్వవలసింది ఎవరు? ఇవ్వనివాళ్లను వదిలి, అడిగే వీలు లేని మీ మీద దోషం మోపినందుకు నాకు కోపంగా ఉంది.

అవిధేయతకు ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే యిర్మీయా 34వ అధ్యాయం తెరవండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించినప్పుడు యూదా రాజు సిద్కియా, పెద్దలు ఒక దూడను రెండుగా కోసి, ఆ ఖండాల మధ్య నడిచి, హెబ్రీ దాసదాసీలను విడిచిపెడతామని దేవుని ఎదుట ఒడంబడిక చేసుకున్నారు. సైన్యం కొన్నాళ్లు వెనక్కి తగ్గగానే, విడిపించినవాళ్లనే మళ్లీ పట్టి తెచ్చుకున్నారు. ఆ సైన్యం తిరిగి వస్తుందని, పట్టణాన్ని కాలుస్తుందని యిర్మీయా చెప్పాడు. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము తగలబడింది. సిద్కియా కళ్లెదుటే కొడుకులను చంపి, తర్వాత అతని కళ్లు పీకి, సంకెళ్లతో బబులోనుకు తీసుకుపోయారు. ఇక్కడ తప్పేమిటో, చేసిందెవరో ప్రవక్త సూటిగా చెప్పాడు. ఎవరో బాధపడుతుంటే చూసి తప్పును ఊహించలేదు.

దావీదు చేసిన పనికి అతని పసిబిడ్డ చనిపోయాడు కదా అని ఎవరైనా మిమ్మల్ని నిలదీయవచ్చు. నిజమే, ఆ కథ నన్నూ కలవరపెడుతుంది. అయితే అక్కడ కూడా నాతాను ప్రవక్త వచ్చి, ఊరియాను చంపించి అతని భార్యను తీసుకున్నావని రాజు ముఖం మీదే చెప్పాడు. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం తేటతెల్లంగా చెబుతుంది.

కష్టాల్లో పడ్డ యోబు స్నేహితులు కూడా మీ కూడికలోని పెద్దాయనలాగే వాదించారు. చివరికి దేవుడు కోపించింది వాళ్ల మీద. ఆ పెద్దాయన మళ్లీ వస్తే యోబు గ్రంథం 42వ అధ్యాయం 7వ వచనం చదవమనండి. ఉపవాసం ఉండాలనిపిస్తే ఉండండి, బాబుకు మాత్రం వేళకు అన్నం, మందు పెట్టండి.