హైదరాబాద్ వదిలి షాద్‌నగర్‌లో ఇల్లు కట్టుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది: భర్తకు గచ్చిబౌలిలో ఉద్యోగం, భార్యకు శంషాబాద్ విమానాశ్రయంలో పని, ఇద్దరు చిన్నపిల్లలు. సిటీలో అద్దెలు భరించలేక షాద్‌నగర్‌లో 150 గజాల ప్లాటు కొని కట్టుకుందామని చూస్తున్నారు. ఇక్కడ ఉంటున్నవాణ్ణిగా నా జవాబు: రండి, కానీ ముందు అద్దెకు రండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాకే ప్లాటు మాట ఎత్తండి. ఈ ఊళ్ళో గజం రేటు కన్నా ముఖ్యమైనవి రెండు: ఆ వీధికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, మురుగు ఎక్కడికి పోతోంది.

రాకపోకల సంగతి ముందు చెప్తాను. శంషాబాద్, కొత్తూరు వైపు పనిచేసేవాళ్ళకు షాద్‌నగర్ బాగా కలిసొస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులు తిరుగుతూనే ఉంటాయి. 2023 డిసెంబరు నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి మీ ఆవిడకు ఆ ఖర్చు మిగులుతుంది. అయితే హైవే బస్సు శంషాబాద్‌లో దింపుతుంది, టెర్మినల్ దాకా మరో బండి ఎక్కాలి. రాత్రి షిఫ్టులుంటే కంపెనీ క్యాబ్ ఇక్కడిదాకా వస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. చాలా కంపెనీలు క్యాబుకు ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టుకుంటాయి.

గచ్చిబౌలి లెక్క వేరు. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కి పోతే ఒకవైపే దాదాపు 55 కిలోమీటర్లు. రోజుకు 110 కిలోమీటర్లు, లీటరుకు 15 ఇచ్చే కారైతే నెలలో 22 రోజులకు 160 లీటర్ల పెట్రోలు. టోలు దానికి అదనం. బైకు మీద పోదామంటే ఔటర్ మీదికి రెండు చక్రాల బండ్లను రానివ్వరు, సర్వీసు రోడ్డే గతి. వారానికి రెండు రోజులే ఆఫీసుకు పోవాల్సి ఉంటే ఇది మోయగలిగిన ఖర్చు. ఐదు రోజులూ పోవాలంటే సిటీలో మిగిలిన అద్దె పెట్రోలు బంకుకే పోతుంది. అలాంటప్పుడు నేనైతే వద్దనే చెప్తాను.

రైలు గురించి ప్లాట్లమ్మేవాళ్ళు చెప్పేది నమ్మకండి. మహబూబ్‌నగర్ దాకా రెండో లైను పడిన మాట నిజమే. ఎంఎంటీఎస్ లోకల్ రైలు మాత్రం ఉందానగర్ వరకే, అంటే శంషాబాద్ దగ్గరే ఆగిపోతుంది. షాద్‌నగర్ స్టేషన్‌లో ఆగే బండ్ల టైములు మీ డ్యూటీకి సరిపోతాయేమో చూసుకోండి, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

ఇక నీళ్ళు, మురుగు. షాద్‌నగర్ పాత కాలనీల్లో మున్సిపాలిటీ నల్లా ఉంటుంది. ఊరి చుట్టూ లేచిన కొత్త వెంచర్లలో చాలాచోట్ల పైపు ఇంకా రాలేదు. భూగర్భ డ్రైనేజీ లేని వీధిలో ప్రతి ఇంటికీ ఒక బోరు, ఒక సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ట్యాంకు నీళ్ళు భూమిలోకి ఇంకే ఒక ఇంకుడు గుంత. బోరుకీ ఆ గుంతకీ మధ్య కనీసం 50 అడుగులు ఉండాలంటారు. 150 గజాల ప్లాటంటే సాధారణంగా 30కి 45 అడుగులు. ఈ మూల నుంచి ఆ ఎదురు మూలకు కొలిచినా 54 అడుగులే వస్తుంది. మీరు ఎంత జాగ్రత్తగా రెండు మూలల్లో పెట్టుకున్నా పక్కింటివాళ్ళ గుంత మీ బోరుకు పదడుగుల్లో ఉండొచ్చు. అందుకే బోరు వేయించే ముందు ఇరుగుపొరుగు ట్యాంకులు ఏ మూలన ఉన్నాయో అడిగి, కాగితం మీద గీసుకోండి.

మన దగ్గర కింద ఉన్నది గ్రానైట్ రాయి. పైన మొరం పొరలో దిగిన మురుగు, రాతి నెర్రెల గుండా ఎటైనా పోతుంది. దాన్ని ఆపేది కేసింగ్ పైపు, అంటే బోరు పైభాగంలో దించే గొట్టం. డబ్బులు మిగుల్చుకోవడానికి కేసింగ్ మొరంలోనే ఆపేస్తే పైనీళ్ళన్నీ బోరులోకి దిగుతాయి. పైపు గట్టి రాయిలోకి కొన్ని అడుగులు దిగి కూర్చోవాలి, చుట్టూ ఉన్న సందును సిమెంటుతో మూయించాలి. బోరు బండివాళ్ళు ఇది వాళ్ళంతట వాళ్ళు చెయ్యరు, పక్కన నిలబడి చేయించుకోవాలి. నీళ్ళు పడలేదని లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, ఫ్లోరైడ్ కూడా పెరిగే అవకాశం ఉంది. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద బోరుకు అనుమతి అవసరమన్నది కూడా గుర్తుంచుకోండి.

నీటిని ల్యాబులో మేలో ఒకసారి, వానలు పడ్డాక సెప్టెంబరులో ఒకసారి పరీక్ష చేయించండి. చూడాల్సిన అంకెలు: లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడ్ 1.5 దాటకూడదు, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) 500 లోపు మంచిది. కోలిఫాం (మురుగు కలిసిందని చెప్పే బాక్టీరియా) అసలు ఉండకూడదు. మురుగు కలిస్తే ముందు పట్టిచ్చేది నైట్రేటూ కోలిఫామే. కాచితే క్రిములు చస్తాయి కానీ నైట్రేట్ పోదు, నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలలలోపు పసిబిడ్డకు ఆ నీళ్ళతో డబ్బాపాలు కలపడం ప్రమాదం. ఆర్వో పెడితే తగ్గుతుంది.

సెప్టిక్ ట్యాంకు రెండు గదులుగా కట్టించండి, మొదటిది మూడింట రెండు వంతులు, రెండోది ఒక వంతు. అడుగున కాంక్రీటు తప్పనిసరి. "అడుగు వదిలేస్తే ఎప్పటికీ నిండదు సార్" అని మేస్త్రీ అంటాడు. నిండదు, ఎందుకంటే అంతా భూమిలోకి, అక్కణ్ణుంచి బోర్లలోకి పోతుంది. వంటింటి నీళ్ళు అందులోకి వదలొద్దు, జిడ్డు పేరుకుని గుంత ఇంకడం మానేస్తుంది. రెండు మూడేళ్ళకోసారి ట్యాంకరు బండితో తోడించాలి కాబట్టి మూత బండి పైపు అందే చోట పెట్టండి, దానిమీద మెట్లో గదో కట్టొద్దు. ఎంత చిన్న పనైనా మనిషిని మాత్రం లోపలికి దించకండి. విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది, పైగా 2013 చట్టం ప్రకారం అది నేరం.

సంపు (నేలలో కట్టే నీళ్ళ తొట్టి) 7 అడుగుల పొడవు, 6 వెడల్పు, 6 లోతు ఉంటే 7,000 లీటర్లు పడుతుంది. 5,000 లీటర్ల ట్యాంకరు వచ్చినప్పుడు అడుగున కొంత నీరున్నా మొత్తం దించుకోవచ్చు.

కాగితాల విషయంలో ఇక్కడ మోసం ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది గుంటల లెక్కన అమ్మే ఫాం ప్లాట్లు. గుంట అంటే 121 గజాలు. అది లేఅవుట్ కాదు, వ్యవసాయ భూమి ముక్క. ఇంటికి పర్మిషన్ దొరకదు. రెండోది తాత్కాలిక అనుమతి. లేఅవుట్లకు అనుమతిచ్చే డీటీసీపీ గానీ హెచ్‌ఎండీఏ గానీ ముందు టెంటేటివ్ ఇస్తుంది. రోడ్లు, డ్రెయిన్లు, నీళ్ళ ట్యాంకు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంటాయి. ఫైనల్ వచ్చాకే అవి విడుదలవుతాయి. మీ ప్లాటు నంబరు ఆ 15 శాతంలో ఉందేమో తనఖా దస్తావేజులో చూడండి. పాత పంచాయతీ లేఅవుటైతే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ క్రమబద్ధీకరణ రుసుము) కట్టారా, రశీదు ఒక్కటే ఉందా, ప్రొసీడింగ్ (మంజూరు ఉత్తర్వు) వచ్చిందా తేల్చుకోండి. రశీదుతో ఇల్లు కట్టలేరు.

సర్వే నంబరు పట్టుకుని ఐదు పరీక్షలు: 30 ఏళ్ళ ఈసీ (ఆ భూమిపై జరిగిన లావాదేవీల పత్రం), 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు), అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూమి అవునా కాదా, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు), రీజినల్ రింగురోడ్డు (ఔటర్ అవతల రాబోయేది). 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఖాళీ జాగా, వదలాలి. రింగురోడ్డు పక్కనే అని రేటు పెంచి చెప్తే, ఆ సర్వే నంబరు 3ఏ, 3డీ భూసేకరణ నోటిఫికేషన్లలో ఉందేమో చూపించమనండి. 3డీ వచ్చిందంటే భూమి ప్రభుత్వానిదైనట్టే. కొత్తూరు వైపు చూస్తుంటే 111 జీవో (జంట జలాశయాల రక్షణకు నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన ఉత్తర్వు) గ్రామాల్లో ఉందా అన్నదీ అడగండి. రిజిస్ట్రేషన్‌కు మొత్తం 7.5 శాతం పక్కన పెట్టుకోవాలి.

అద్దె ఇల్లు చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం కాకుండా మామూలు రోజు రాత్రి ఎనిమిది గంటలప్పుడు రండి. ట్యూబులైటు వణుకుతోందా, మోటారు లాగుతోందా తెలుస్తుంది. ఓల్టేజీ తక్కువైతే ముందు కాలిపోయేది బోరు మోటారే. ఇంటి ఓనరును కాకుండా వీధి చివరి కిరాణావాళ్ళను అడగండి, మేలో ట్యాంకరు ఎన్ని రోజులకోసారి వచ్చిందని. పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి వచ్చి అదే వీధిలో నడవండి. గుంతలు పొంగి వాసన వస్తుంటే ఆ లేఅవుట్‌లో అద్దెకైనా దిగొద్దు.