పాలు మాన్పించాక పొదుగు బిగిసిందని రోజూ పిండొద్దు

ప్రశ్న: మా గేదె చూడికి ఎనిమిది నెలలు నిండాయి. పూటకు లీటరున్నర ఇస్తుండగా నాలుగు రోజుల కిందట పాలు తీయడం ఆపాం. మర్నాటికే పొదుగంతా బిగిసింది. మేత మామూలుగానే తింటోంది. పొదుగువాపు అనుకుని రోజూ కాసిని పాలు పిండి పారబోస్తున్నాం. మందుల షాపులో మూడు రోజులు ఇంజెక్షన్లు చేయించమన్నారు. చేయించాలా?

జవాబు: వద్దు. మీరు రాసిన లక్షణాలు పొదుగువాపు వ్యాధివి కావు. వ్యాధి అయితే సాధారణంగా ఒకటి రెండు చన్నుల భాగమే వేడెక్కి గట్టిపడుతుంది, ముట్టుకోనివ్వదు, పాలు విరిగినట్లో నీళ్లలాగో వస్తాయి, జ్వరం 103 డిగ్రీలు దాటవచ్చు. నాలుగు భాగాలూ ఒకేలా నిండాయంటే అది నిలిచిన పాల బిగువే.

తీయడం ఆపాక రెండు మూడు రోజులు పొదుగు నిండుతుంది. ఆ ఒత్తిడి ఉంటేనే కణాలు పాల తయారీ ఆపుతాయి. నిలిచిన పాలు మెల్లగా ఒంట్లోకి ఇంకిపోతాయి. తెల్లరక్తకణాలు చేరి మిగిలిన కొవ్వును, రాలిపోయిన కణాలను శుభ్రం చేస్తాయి. క్రిములకు ఇనుము దక్కనివ్వని లాక్టోఫెర్రిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. ఇదంతా ముగియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈనబోయే ముందు మరో మూడు నాలుగు వారాల్లో కొత్త కణాలు, జున్నుపాలు తయారవుతాయి. 60 రోజులు పాలు మాన్పించమనేది ఇందుకే. 40 రోజులకు తగ్గితే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి.

మీరు పిండిన ప్రతిసారీ ఈ పని మళ్లీ మొదటికొస్తోంది. అంతకంటే పెద్ద నష్టం, చన్ను రంధ్రానికి పడాల్సిన మైనంలాంటి కెరాటిన్ మూత పడటం లేదు. క్రిములు ఎక్కువగా చొరబడే సమయాల్లో ఈ తొలి రెండు వారాలు ఒకటి. లేని జబ్బుకు మీరే దారి తీస్తున్నారు!

పశువైద్యుణ్ణి పిలిపించి, ఒక్కసారి నాలుగు చన్నుల పాలూ పూర్తిగా తీసి సి.ఎం.టి. (పాలలో పొదుగువాపు జాడ పట్టే కాలిఫోర్నియా మాస్టయిటిస్ టెస్ట్) పరీక్ష చేయించండి. నాలుగూ కాస్త చిక్కబడితే కంగారు వద్దు, ఈ దశలో అది మామూలే. ఒక్క చన్ను పాలే జిగురుగా గడ్డకడితే దానికి వేరే చికిత్స అవసరం. తర్వాత స్పిరిట్ దూదితో చన్ను కొనలు తుడవాలి. ముందు అవతలి రెండు, తర్వాత ఇవతలి రెండు. వట్టిపోయే పశువులకని చేసిన మందు ట్యూబునే, చన్నుకు ఒకటి చొప్పున, ఇవతలి వైపు నుంచి మొదలుపెట్టి ఎక్కించాలి. మొన 3-4 మిల్లీమీటర్లు దూరితే చాలు, లోపలిదాకా పొడిస్తే మూత పడే చోటే చీరుకుపోతుంది. చివరగా 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో చన్నులు ముంచి, అరగంట పడుకోకుండా మేత వేయండి. ఆ తర్వాత ఈనేదాకా పిండొద్దు.

దాణా పది రోజులు ఆపి ఎండుమేత ఇవ్వండి. నీళ్లు మాత్రం తగ్గించొద్దు.

పొదుగు చూడకుండా, పాలు పరీక్షించకుండా షాపులో చెప్పే ఇంజెక్షన్ వైద్యం కాదు. కండకు వేసే మందుల్లో చాలావరకు పొదుగులోకి చాలినంత చేరవు. డబ్బు పోవడమే కాదు, రేపు నిజంగా జబ్బు వస్తే ఆ మందు పనిచేయకుండా పోవచ్చు.

ఈనే ముందు రెండు వారాల్లో పొదుగు మళ్లీ నిండుతుంది. అవి దూడకు చెందాల్సిన జున్నుపాలు. అప్పుడూ పిండొద్దు. రోజూ చేత్తో తడిమి చూడండి. ఒక్క వైపే వేడిగా, గట్టిగా తగిలితే అదే రోజు వైద్యుడికి చూపించండి.