‘స్కెచ్’ గీయడం, ‘స్కెచ్’ వేయడం

సందేహం: ‘హత్యకు స్కెచ్ వేశారు’ అని పత్రికలలో తరచు కనిపిస్తున్నది. బొమ్మకు సంబంధించిన ఆంగ్లపదానికి కుట్ర అనే అర్థం ఎలా వచ్చింది? అసలు ఆ పదం పుట్టుక ఏమిటి?

సమాధానం: ‘స్కెచ్’ 17వ శతాబ్దిలో డచ్చి భాషలోని ‘స్ఖెట్స్’ నుంచి ఆంగ్లంలోకి వచ్చింది. డచ్చివారికి అది ఇటాలియన్ ‘స్కిట్సో’ నుంచి సంక్రమించింది. జర్మన్ ‘స్కిట్సె’, ఫ్రెంచి ‘ఎస్కీస్’ కూడా ఈ వంశానివే. అంతకు వెనుకటి చరిత్ర విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. ‘అప్పటికప్పుడు చేసినది’ అనే అర్థం గల గ్రీకు ‘స్ఖెదియోస్’ లాటిన్ మీదుగా ఇటాలియన్‌కు చేరిందని కొందరు, ‘చిమ్ము, చిందు’ అనే అర్థం గల ఇటాలియన్ క్రియ ‘స్కిట్సారె’ ధ్వన్యనుకరణంగా పుట్టిందని మరికొందరు అంటారు. ఏది నిజమైనా, తీరికగా తీర్చిదిద్దినది కాదన్న భావం పదంలో మొదటినుంచీ ఉన్నది. అందుకే ఆంగ్లంలో చిత్తుబొమ్మతో పాటు సంక్షిప్త వర్ణనను, మన ప్రహసనం వంటి చిన్న హాస్యనాటికను కూడా అదే పదం చెబుతుంది. (టీవీ హాస్యకార్యక్రమాలలోని ‘స్కిట్’కు దీనితో చుట్టరికం లేదు, దానిని నిఘంటుకారులు స్కాండినేవియన్ భాషల వైపు చూపుతారు.)

ఇక కుట్ర సంగతి. ఆంగ్లంలో ఈ పదానికి ఆ అర్థం లేదు; ఒక ఆలోచనను స్థూలంగా వివరించడం వరకే దాని హద్దు. అయితే గీతనుంచి ఎత్తుగడకు నడవడం భాషలకు కొత్త కాదు: ఆంగ్లంలోని ‘ప్లాన్’ ముందు కట్టడపు నమూనాచిత్రమే, తరువాతనే పథకమైంది. తెలుగులో ఈ నడకను సులభం చేసినది, నా ఉద్దేశంలో, ‘వేయు’ అనే క్రియ. బొమ్మ వేస్తాము, పథకం వేస్తాము, ఎత్తు వేస్తాము, పాచిక వేస్తాము. ‘స్కెచ్’ మొదటి దానితో వచ్చి తక్కినవాటి పంక్తిలో కూర్చున్నది. తమిళులు కూడా ‘వేయు’ అనే అర్థం గల తమ ‘పోడు’ క్రియతో ఇదే మాట ఇదే అర్థంలో వాడుతున్నారు.

కనుక దీనిని తప్పు అనడం నాకు సమ్మతం కాదు, కానీ పాత్రల సంభాషణలో రాణించే ఈ మాట వార్తారచనలో తేలికగా వినిపిస్తుంది. అక్కడ ‘పథకం’, ‘పన్నాగం’ ఉండనే ఉన్నాయి. సాక్షులు చెప్పిన ఆనవాళ్లతో పోలీసులు గీయించే బొమ్మకు ‘ఊహాచిత్రం’ అనే చక్కని మాట స్థిరపడింది. ‘స్కెచ్’ అనే వాడదలిస్తే విభక్తిని గమనించాలి: ‘నిందితుని స్కెచ్ వేశారు’ అంటే అతని బొమ్మ గీశారని, ‘నిందితునికి స్కెచ్ వేశారు’ అంటే అతనిని పట్టుకొనడానికో మట్టుపెట్టడానికో ఎత్తు వేశారని అర్థం.