కణం కాదు, కణం ముక్క

ప్రశ్న: పన్ను తీయించుకోవడానికి వెళ్తే డాక్టరు ముందుగా అడిగింది ఆస్పిరిన్ వాడుతున్నారా అని. రోజూ వేసుకుంటాను కానీ ఇవాళ వేసుకోలేదన్నాను. ఒక్కరోజు మానితే లాభం లేదు, మీ ప్లేట్‌లెట్లు ఇంకా ఆ మాత్ర ప్రభావంలోనే ఉన్నాయన్నారు. అసలు ఈ ప్లేట్‌లెట్లు ఎక్కడ పుడతాయి, ఏం చేస్తాయి? అంత చిన్న మాత్ర వాటిని అన్ని రోజులు ఎలా పట్టి ఉంచుతుంది?

జవాబు: మీ ఆఖరి ప్రశ్నకు జవాబు అవి పుట్టే తీరులోనే ఉంది, కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. ఎముకల్లోని మూలుగలో మెగాకారియోసైట్ అనే పెద్ద కణం ఒకటి ఉంటుంది. మామూలు కణం తన డీఎన్ఏని రెట్టింపు చేసుకుని రెండుగా చీలిపోతుంది కదా, ఇది మాత్రం రెట్టింపు చేసుకుంటూనే పోతుంది గానీ చీలదు, అలా రెండు సెట్లు ఉండాల్సిన క్రోమోజోములు 16, 32, ఒక్కోసారి 64 సెట్లు కూడా అవుతాయి. బాగా బలిశాక రక్తనాళం గోడకు ఆనుకుని కూర్చుని, గోడలోంచి లోపలికి పొడవాటి తోకలు చాపుతుంది. పారే రక్తం తాకిడికి ఆ తోకలు తెగి ముక్కలవుతాయి. ఆ ముక్కలే ప్లేట్‌లెట్లు! ఒక్కో కణం నుంచి వేలల్లో వస్తాయి, ఒంట్లో మొత్తం మీద రోజుకు సుమారు 10,000 కోట్లు. చివరికి తల్లికణంలో మిగిలేది న్యూక్లియస్ ఒక్కటే, దాన్ని వేరే కణాలు తినేస్తాయి.

అంటే ప్లేట్‌లెట్ పూర్తి కణం కాదు, దానికి న్యూక్లియస్ లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

చూడటానికి 2-3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పలుచని బిళ్ల, ఎర్ర రక్తకణంలో సగం కూడా ఉండదు. లోపల మాత్రం సరంజామా అంతా సర్దుకునే వస్తుంది: గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లు ఒక రకం సంచుల్లో, తోటి ప్లేట్‌లెట్లను పిలిచే ఏడీపీ, సెరటోనిన్ అనే రసాయనాలు, వాటితోపాటు కాల్షియం ఇంకో రకం సంచుల్లో. రక్తనాళం లోపలి పొర బాగున్నంతసేపూ ఇవేవీ బయటికి రావు, ఆ పొరే వాటిని అంటుకోనివ్వదు. ఎక్కడైనా తెగిందనుకోండి, పొర కింది కొల్లాజెన్ అనే నార లాంటి ప్రొటీను బయటపడుతుంది, దానికి వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రొటీను అంటుకుంటుంది, జోరుగా పోతున్న ప్లేట్‌లెట్లు దానికి చిక్కుకుని ఆగుతాయి. ఆగీ ఆగగానే బిళ్ల ఆకారం పోయి ముళ్లు ముళ్లుగా తయారై, సంచులు గుమ్మరిస్తాయి, అప్పటికప్పుడు థ్రాంబాక్సేన్ అనే రసాయనాన్ని తయారుచేసి ఇంకొన్నిటిని రప్పిస్తాయి. రక్తంలో ఉండే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీను వాటిని ఒకదానితో ఒకటి కలుపుతుంది. ఆ మెత్తటి అడ్డుకట్ట మీద, ఫైబ్రినోజెన్ నుంచే తయారయ్యే ఫైబ్రిన్ పోగుల వల అల్లుకున్నాకే రక్తం గట్టిగా నిలుస్తుంది.

ఇప్పుడు మీ మాత్ర సంగతి. థ్రాంబాక్సేన్ తయారుకావాలంటే కాక్స్-1 అనే ఎంజైము కావాలి. ఆస్పిరిన్ దాన్ని శాశ్వతంగా చెడగొడుతుంది. న్యూక్లియస్ ఉన్న కణమైతే ఇంకో ఎంజైము తయారుచేసుకుంటుంది, ప్లేట్‌లెట్‌కి ఆ వీలు లేదు. కాబట్టి బతికినన్నాళ్లూ, అంటే 7 నుంచి 10 రోజులు, దాని పరిస్థితి అంతే. మాత్ర రక్తంలో కొన్ని గంటలకు మించి ఉండదు, అయినా దెబ్బ మాత్రం అన్ని రోజులుంటుంది. రోజుకు సుమారు పదో వంతు కొత్తవి వస్తూంటాయి, అందుకే గడ్డకట్టే శక్తి కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది. ఇదంతా చదివి మీ అంతట మీరు మాత్ర మానేయకండి, మరీ ముఖ్యంగా గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు. మామూలుగా ఒక పన్ను తీయడానికి చాలాసార్లు మాత్ర ఆపకుండానే, అదిమిపెట్టో కుట్టు వేసో రక్తం ఆపేస్తారు, ఆ నిర్ణయం డాక్టర్లకే వదిలేయండి.

ప్రశ్న: ప్లేట్‌లెట్లు 60,000 అని రిపోర్టు వచ్చింది. టెన్షన్ పడి మర్నాడు వేరేచోట చేయిస్తే 2,10,000. నాకు జ్వరం లేదు, ఒంటి మీద మచ్చలూ లేవు. దేన్ని నమ్మాలి?

జవాబు: మామూలుగా మైక్రోలీటరుకు 1,50,000 నుంచి 4,50,000 ఉండాలి, కాబట్టి రెండోది సాధారణమే. మొదటిది ట్యూబు వల్ల వచ్చి ఉండొచ్చు. రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం వేస్తారు, కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు దాని వల్లే గుంపులుగా అంటుకుపోతాయి. ఒంట్లో కాదు, ట్యూబులోనే. మెషీను ఒక్కో రేణువు సైజు చూసి లెక్కపెడుతుంది కాబట్టి ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా గుర్తించదు, అంకె పడిపోతుంది. స్లైడు మీద రక్తం పరిచి మైక్రోస్కోపులో చూస్తే గుంపులు ఇట్టే కనబడతాయి, ఈడీటీఏకి బదులు సిట్రేట్ అనే రసాయనం ఉన్న ట్యూబులో తీసి మళ్లీ లెక్కపెట్టినా చాలామందిలో అసలు అంకె తెలిసిపోతుంది. రెండు రిపోర్టులూ డాక్టరుకు చూపించి, స్లైడు చూశారా అని అడగండి.